రేకీ మాస్టర్లకు ఒక బహిరంగ లేఖ: మీ అపోహల జాబితాలో లేని అపోహలు

ఒంటి మీద చేతులు ఆనించి 'శక్తి'ని పంపి బాధలు తగ్గిస్తామనే జపాన్ పద్ధతి రేకీని చేసేవారికీ, నేర్పేవారికీ, ముఖ్యంగా పేరు ముందు మాస్టర్ అని రాసుకునే వారికీ నమస్కారం.

మిమ్మల్ని మోసగాళ్లని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పని చేసేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది మీరు రేకీ చేసే బల్ల మీద ఒక్కసారి కూడా పడుకుని ఉండరు. నేను పడుకున్నాను. మసక వెలుతురు, తొందరపెట్టే మనిషి లేని ఒక గంట, తల మీదా భుజాల మీదా వెచ్చగా ఆనే చేతులు, ఫోన్ మోగదు, ఎవరూ ఏదీ అడగరు. హాయిగానే ఉంది, టెన్షన్ తగ్గింది, ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది. ఇందులో నాకు ఎవరితోనూ పేచీ లేదు.

నా పేచీ మీ కరపత్రంతో. మీ పరిచయ తరగతుల్లో 'రేకీపై అపోహలు' అని ఒక భాగం తప్పకుండా ఉంటుంది. రేకీ మతం కాదు, మసాజ్ కాదు, హిప్నాటిజం కాదు, మంత్రతంత్రాలు కాదు, బట్టలు విప్పక్కర్లేదు, చేసేవాళ్ల శక్తి ఖర్చయిపోదు. సరే, వీటిలో చాలావాటిని నేనూ ఒప్పుకుంటాను, కొత్తగా వచ్చేవాళ్ల భయం పోగొట్టడానికి పనికొస్తాయి కూడా. కానీ గమనించారా, ఆ జాబితాలో ఉన్నవన్నీ మనుషుల్ని రేకీకి దూరంగా ఉంచే అపోహలే. మనుషుల్ని రేకీ దగ్గరికి లాక్కొచ్చే అపోహ ఒక్కటీ అందులో ఉండదు. అవి ఎక్కడి నుంచి పుట్టాయి అంటే, మన్నించాలి, చాలావరకు మీ తరగతుల్లోనే.

చరిత్రతో మొదలుపెడతాను, తరగతి మొదలయ్యేదీ దాంతోనే కాబట్టి. మికావో ఉసుయి అనే క్రైస్తవ ఆచార్యుడు క్యోటోలోని దోషిషా విశ్వవిద్యాలయానికి అధిపతిగా ఉండేవాడని, ఏసు రోగుల్ని ఎలా బాగుచేశాడని విద్యార్థులు అడిగితే జవాబు చెప్పలేక షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లి చదివాడని, అక్కడా దొరక్క తిరిగొచ్చి బౌద్ధ గ్రంథాల్లో వేల ఏళ్లనాటి రహస్యాన్ని మళ్లీ కనిపెట్టాడని కొందరు ఇప్పటికీ చెబుతున్నారు. దోషిషాలో గానీ షికాగోలో గానీ ఆయన చదివినట్టో చెప్పినట్టో రికార్డు దొరకలేదు. దొరికిన ఉసుయి వేరే మనిషి. 1865లో పుట్టాడు. 1922లో క్యోటో దగ్గర కురామా కొండ మీద ఉపవాస దీక్ష చేశాక ఈ పద్ధతి మొదలుపెట్టి, అదే ఏడాది టోక్యోలో సంఘం పెట్టాడు. 1923లో కాంతో భూకంపం వచ్చినప్పుడు బాధితుల మధ్య తిరిగాడు. 1926లో చనిపోయాడు. మరుసటి ఏడాది శిష్యులు టోక్యోలోని సైహోజి ఆలయంలో ఆయన సమాధి దగ్గర నిలబెట్టిన స్మారక శిల ఇప్పటికీ ఉంది, కావలసినవాళ్లు దాని పాఠం చదువుకోవచ్చు.

మరి ఆ క్రైస్తవ కథ ఎలా వచ్చింది? దాన్ని చెప్పింది హవాయో తకాతా. హవాయిలో పుట్టిన జపాన్ సంతతి మహిళ, 1935లో టోక్యోలో ఉసుయి శిష్యుడు చుజిరో హయాషి క్లినిక్‌లో చికిత్స చేయించుకుని, ఆయన దగ్గరే నేర్చుకుని, ఈ పద్ధతిని హవాయికి తీసుకెళ్లారు. తర్వాత యుద్ధం వచ్చింది, అమెరికాలో జపాన్ పేరున్న ప్రతిదాన్నీ అనుమానంగా చూసే రోజులు, ఆ పరిస్థితిలో జనం ఒప్పుకునేలా కథను మార్చి ఉంటారని చాలామంది అంటారు, నాకూ అదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. ఆవిడ్ని తప్పుపట్టాలని నాకు లేదు. అయితే 1980లో ఆవిడ పోయేనాటికి తయారుచేసిన మాస్టర్లు 22 మంది, ఆ స్థాయికి ఆవిడ తీసుకున్న రుసుము పది వేల డాలర్లు, ఇప్పుడు ప్రపంచంలో కనిపించే రేకీలో ఎక్కువ భాగం ఆ చిన్న గుంపు నుంచి పాకినదే. ఆ తర్వాత పడమటి దేశాల్లో దానికి చక్రాలు కలిశాయి, స్ఫటికాలు కలిశాయి, దేవదూతలు కూడా వచ్చి చేరారు. ఏడు చక్రాల బొమ్మ గోడకి తగిలించి ఉసుయి నేర్పింది ఇదే అనడం ఏ లెక్కన సరి? రేకీ వయసు నూరేళ్లు, కాస్త అటూ ఇటూ. నూరేళ్లేం తక్కువ కాదు కదా, దానికి వేల ఏళ్ల ముసుగు ఎందుకు?

చరిత్ర తప్పయితే ఎవరి ప్రాణమూ పోదు, కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. 'సైన్స్ కూడా ఒప్పుకుంది' అనే మాట అంత తేలికైనది కాదు. ఈ మాట చెప్పేవాళ్లు ఈసీజీని చూపిస్తారు: గుండెలో విద్యుత్తు ఉంది, చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంది, అదే మా శక్తి అని. గుండెకు అయస్కాంత క్షేత్రం ఉన్న మాట నిజం. అది భూమి అయస్కాంత క్షేత్రం కంటే దాదాపు పది లక్షల రెట్లు బలహీనం, పట్టుకోవడానికే అతి సున్నితమైన ప్రత్యేక పరికరాలు కావాలి, అది ఒకరి అరచేతి నుంచి మరొకరి కాలేయానికి వెళ్లి ఏదో చక్కదిద్దుతుందని ఎవరూ చూపించలేదు. చేతులు వెచ్చబడటం అంటారా, మనిషి చేయి వెచ్చగానే ఉంటుంది, కాసేపు ఒకచోట ఆనించి ఉంచితే ఇంకా వెచ్చగా తెలుస్తుంది, రేకీ శక్తిని తెరుస్తుందంటూ మాస్టర్ ఇచ్చే దీక్ష తీసుకోనివాళ్ల చేయి కూడా అంతే. కిర్లియన్ ఫోటోల్లో వేళ్ల చుట్టూ కనిపించే వెలుగు ఎక్కువ వోల్టేజీ పెట్టినప్పుడు గాలిలో పుట్టే విద్యుత్ ప్రసరణ, చర్మం మీద తడి మారితే, వేలు నొక్కిన తీరు మారితే ఆ వెలుగూ మారుతుంది. ఇక క్వాంటమ్ అనే మాటను దయచేసి వదిలేయండి, పాపం ఆ శాస్త్రం మీకేం అపకారం చేసింది.

శక్తిని చేత్తో పసిగట్టగలం అనే మాటకు ఒక ముచ్చటైన పరీక్ష జరిగింది. అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పిల్ల స్కూల్ సైన్స్ ప్రాజెక్టు కోసం చేసింది. థెరప్యూటిక్ టచ్ చేసేవాళ్లు, అంటే ఒంటికి కాస్త ఎడంగా చేతులు పెట్టి శక్తి క్షేత్రాన్ని తడమగలం అనేవాళ్లు, 21 మందిని అడ్డు అట్ట వెనక కూర్చోబెట్టి, వాళ్ల రెండు చేతులు ఇవతలికి పెట్టించి, ఏదో ఒక చేతి పైన తన చేయి పెట్టి, 'నా చేయి మీ ఏ చేతి దగ్గర ఉంది?' అని అడిగింది. ఏ చేతికో నాణెం ఎగరేసి నిర్ణయించింది. మొత్తం 280 ప్రయత్నాల్లో సరైన జవాబులు 44 శాతం. కళ్లు మూసుకుని ఊరికే ఊహించినా సగం రావాలి. 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది ఇది. వాళ్లు వేరు, మేము వేరు అంటారని తెలుసు. పద్ధతి వేరే, ఒప్పుకుంటున్నా. కానీ సెషన్ మొదట్లో ఒంటి మీదుగా చేతులు ఆడిస్తూ 'ఇక్కడ అడ్డంకి ఉంది, ఇక్కడ చల్లగా తగులుతోంది' అని మీరు చెప్పేది ఆ నైపుణ్యం గురించే కదా. మీ తరగతిలోనే ఈ పరీక్ష పెట్టొచ్చు, ఒక అట్ట ముక్క, ఒక నాణెం చాలు.

పరిశోధనల దగ్గరకొద్దాం. మీ కరపత్రాల్లో 'అనేక అధ్యయనాల్లో రుజువైంది' అని ఒక వాక్యం ఉంటుంది, కింద ఏ అధ్యయనం పేరూ ఉండదు. అధ్యయనాలు ఉన్నాయి, కాదనను. చాలావాటిలో రేకీ చేయించుకున్నవాళ్లను ఏమీ చేయించుకోనివాళ్లతో పోల్చారు. ఒక గంట ఎవరో ప్రేమగా చూసుకున్న మనిషి, ఎవరూ పట్టించుకోని మనిషి కంటే హాయిగా ఉన్నానని చెప్పడం వింత కాదు, దాంతో శక్తి సంగతి ఏమీ తేలదు. తేలాలంటే నకిలీ రేకీ కావాలి: దీక్ష లేని మనిషి అవే భంగిమల్లో, అంతే సేపు, అంతే శ్రద్ధగా చేతులు పెట్టాలి, రోగికి ఎవరు అసలో ఎవరు నకిలీనో తెలియకూడదు.

అలాంటివి కూడా జరిగాయి. ఒళ్లంతా నొప్పులతో బాధపెట్టే ఫైబ్రోమయాల్జియా ఉన్న 100 మంది మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది, వాళ్లలో కొందరికి రేకీ మాస్టర్లు, కొందరికి మాస్టర్లలా నటించినవాళ్లు చేశారు, ముట్టుకుని చేసినా దూరం నుంచి చేసినా నొప్పిలో గానీ అలసటలో గానీ నిద్రలో గానీ తేడా రాలేదు. 2011లో కీమోథెరపీ చేయించుకుంటున్న 189 మందితో ఇంకొకటి వచ్చింది. వాళ్లను మూడు గుంపులు చేశారు: అసలు రేకీ, నకిలీ రేకీ, మామూలు చికిత్స ఒక్కటే. రేకీ గుంపు మామూలు గుంపు కంటే హాయిగా ఉంది. నకిలీ రేకీ గుంపు కూడా అంతే హాయిగా ఉంది!

ఈ రెండో ఫలితం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కీమో సూది ఎక్కుతుండగా ఒక నర్సు పక్కనే ఉండి, వాళ్ల మీదే మనసు పెట్టి, చేయి ఆనించి ఉంచితే ఆ మనిషికి నిజంగా తేడా తెలిసింది. తేడా తెచ్చింది మీరు నేర్పే గుర్తులు, ఆ సింబల్స్ కాదు, అట్యూన్‌మెంట్ అనే దీక్ష కాదు, రెండో మెట్టు దాటాక ఇచ్చే లెవెల్ టూ సర్టిఫికెట్ కాదు. దీక్షకు రుసుము తీసుకునేవాళ్లకు ఇది చేదుగా ఉండొచ్చు గానీ, ఆసుపత్రి మంచం పక్కన ఏం చేయాలో తోచక చేతులు నలుపుకుంటూ కూర్చున్న కూతుళ్లకూ భర్తలకూ ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది? వాళ్ల చేతులు చాలు. ఈ మాట మీ తరగతుల్లో ఎందుకు చెప్పరు?

ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు కూడా ఇదే చెప్పారు. 2008లో వచ్చిన ఒక క్రమబద్ధ సమీక్ష ఏ జబ్బుకైనా రేకీ పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదంది, 2015లో వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష ఆందోళన, డిప్రెషన్‌ల విషయంలోనూ అదే మాట చెప్పింది. పెద్ద ఆసుపత్రుల్లో కూడా రేకీ ఉంది కదా అని వెంటనే అంటారు. ఉంది. రోగికి కాస్త ఊరటగా ఉంటుందని పెట్టారు, కొన్నిచోట్ల సంగీతం వినిపించినట్టే, కుక్కపిల్లల్ని తీసుకొచ్చి ఆడించినట్టే. కుక్కపిల్ల కణితి కరిగిస్తుందని ఏ ఆసుపత్రీ రాసి పెట్టలేదు.

'పసిపిల్లలకూ జంతువులకూ కూడా పనిచేస్తుంది, వాటికి నమ్మకం ఏముంటుంది, కాబట్టి ఇది ప్లాసిబో, అంటే నమ్మకం వల్ల కలిగే ఊరట, కాదు' అనే వాదన నేను చాలాసార్లు విన్నాను, పైకి గట్టిగానే కనిపిస్తుంది. కానీ తగ్గిందని చెప్పేది కుక్క కాదు కదండీ, దాన్ని పెంచుకునే మనిషి. కీళ్లనొప్పులతో కుంటే కుక్కల మీద మందుల పరీక్షలు చేసినప్పుడు, ఉత్తుత్తి మందు వేసిన కుక్కల యజమానులు కూడా చాలామంది నడక మెరుగైందన్నారు, అడుగు బరువు కొలిచే పరికరం మాత్రం ఏమీ మారలేదంది. పైగా చాలా బాధలు ఎక్కువతక్కువలుగా వస్తూ పోతూ ఉంటాయి, మనం సాయం కోసం పరిగెత్తేది బాగా ఎక్కువైనప్పుడే, తర్వాత ఎటూ కొంత తగ్గుతుంది, ఆ తగ్గినప్పుడు ఎదురుగా ఎవరు ఉంటే మంచిపేరు వాళ్లది. ఇది మీకే కాదు, డాక్టర్లకూ వర్తిస్తుంది.

'హాయిగా అనిపిస్తే చాలదా, నీకెందుకు ఈ గొడవ' అనే ప్రశ్న వస్తుందని తెలుసు. దానికి జవాబు 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆస్తమా అధ్యయనంలో ఉంది. రేకీ గురించి కాదు అది, అయినా మీలో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. ఆస్తమా రోగులకు వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా చేశారు: అసలు మందున్న ఇన్‌హేలర్, మందు లేని ఇన్‌హేలర్, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఏమీ చేయకుండా కూర్చోబెట్టడం. ఎంత తగ్గిందని అడిగితే అసలు మందుకు సుమారు 50 శాతం, మందు లేని ఇన్‌హేలర్‌కు 45, ఉత్తుత్తి సూదులకు 46, ఊరికే కూర్చున్నప్పుడు 21 శాతం అని చెప్పారు. అంటే రోగి అనుభవంలో అసలుకీ నకిలీకీ తేడానే లేదు. ఆ తర్వాత ఊపిరి కొలిచారు. అసలు మందుతో ఊపిరితిత్తుల సామర్థ్యం 20 శాతం పెరిగింది. మిగతా మూడింటికీ దాదాపు 7 శాతమే, నకిలీ చికిత్స చేసినా ఏమీ చేయకపోయినా ఒకటే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ రోగి అబద్ధం చెప్పలేదు. నిజంగానే తేలిగ్గా అనిపించింది. ఊపిరి గొట్టాలు మాత్రం అలాగే బిగుసుకుని ఉన్నాయి. మీ బల్ల మీంచి లేచి 'చాలా తేలిగ్గా ఉందండీ' అని కళ్లలో నీళ్లతో చెప్పే మనిషి సంగతి కూడా ఇదే కావచ్చు. ఆ తేలిక నిజం, దాని కింద జబ్బు ఏ స్థితిలో ఉందో మీకూ తెలియదు, తనకూ తెలియదు. తేలిగ్గా అనిపించడాన్ని తగ్గిపోవడంగా లెక్క రాసుకున్న రోజున ఇన్‌హేలర్ సంచిలో ఉండిపోతుంది.

అందుకే, మీరు నేర్పే అన్నిటిలోకీ 'రేకీ వల్ల ఎవరికీ ఏ హానీ జరగదు' అన్న మాటే నన్ను భయపెట్టేది. చేతులు ఆనించడం వల్ల జరగదు, నిజమే. దాని చుట్టూ అల్లిన మాటల వల్ల జరుగుతుంది. 'మందులు మానమని మేం ఎప్పుడూ చెప్పం, ఇది అనుబంధ చికిత్స మాత్రమే' అంటారు, మీలో చాలామంది నిజాయితీగానే అంటారు. కానీ అదే నోటితో 'మందులు లక్షణాల్ని అణచిపెడతాయి, రేకీ మూలానికి వెళ్తుంది' అని కూడా అంటారు కదా, ఈ రెండూ విన్న మనిషి ఇంటికెళ్లి ఏది గుర్తుంచుకుంటాడు? కర్ర విరగకూడదు, పాము చావకూడదు అన్నట్టుంటుంది ఆ చెప్పే తీరు.

కేన్సర్ సంగతి చూడండి. వ్యాప్తి చెందని దశలో ఉన్న కేన్సర్‌కు అసలు చికిత్స వద్దని ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్న 281 మందిని, చికిత్స తీసుకున్న 560 మందితో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పోల్చి చూస్తే, ప్రత్యామ్నాయాల వాళ్లలో చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లుంది. 'మేం అలా కాదు, చికిత్సతో పాటే' అంటారేమో. వాళ్లే 2018లో దాన్నీ చూశారు. కనీసం ఒక అసలు చికిత్స తీసుకుంటూ అనుబంధ పద్ధతులు కూడా వాడినవాళ్లు 258 మంది, వాడనివాళ్లు 1032 మంది. అనుబంధ పద్ధతులు వాడినవాళ్లలో కీమో వద్దన్నవాళ్లు 34 శాతం, మిగతావాళ్లలో 3 శాతం. చనిపోయే ప్రమాదం రెట్టింపు, దానికి కారణంగా కనిపించింది ఇలా చికిత్సల్ని వద్దనుకోవడమే. ఇవి రకరకాల ప్రత్యామ్నాయ పద్ధతులన్నీ కలిపిన లెక్కలు, రేకీ ఒక్కదానివి కావు, ఆ మాట చెప్పకపోతే నేనూ మీ కరపత్రం లాగే రాసినట్టవుతుంది. అయినా 'పాటు' అనే మాట అనుకున్నంత గట్టిది కాదని మాత్రం తేలింది కదా. టైప్ 1 డయాబెటిస్ ఉన్న మనిషి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, ఆ రోజుల్లో అతను ఎంత ప్రశాంతంగా ఉన్నాడన్నది లెక్కలోకి రాదు.

దీనికి తోడు హీలింగ్ క్రైసిస్ ఒకటి. సెషన్ తర్వాత తలనొప్పి వచ్చినా, వాంతులైనా, జ్వరం తగిలినా, నొప్పి పెరిగినా 'విషాలు బయటికి పోతున్నాయి, మంచి సూచన' అంటారు. తగ్గితే రేకీ పనిచేసినట్టు, పెరిగితే రేకీ ఇంకా బాగా పనిచేసినట్టు, ఇక ఓడిపోయే దారే లేదు ఈ ఆటలో. ఆ 'విషం' పేరేమిటని అడిగితే ఎవరూ చెప్పరు. సెషన్ తర్వాత ఛాతీలో నొప్పి వస్తే అది శుద్ధి జరగడం కాదు, ఆసుపత్రికి పరిగెత్తాల్సిన సమయం. ఇక ఏమీ తగ్గకపోతే తప్పు ఎవరిదంటే, వచ్చినవాళ్లదే: మీరు మనసు తెరవలేదు, అడ్డుకుంటున్నారు, పాత కోపాలు వదల్లేదు. అసలే జబ్బుతో ఉన్న మనిషి నెత్తిన నేరం కూడా పెట్టి పంపడం కంటే క్రూరమైన పని నాకు తోచడం లేదు, అదీ నమ్మకం అక్కర్లేదని కరపత్రంలో అచ్చు వేయించినవాళ్లు!

ముట్టుకోకుండా దూరం నుంచే శక్తి పంపుతామనే దూరచికిత్స గురించి ఎక్కువ రాయను. ఆ ఫైబ్రోమయాల్జియా అధ్యయనంలో అదీ చూశారు. ఒకరి క్షేమం కోరుతూ కళ్లు మూసుకుని కూర్చోండి, మంచిదే, దాన్ని చికిత్స అని పిలిచి బిల్లు వేయకండి.

డాక్టర్ల వైపు తప్పు లేదని నేను అనడం లేదు. రోగి ముఖంలోకి చూడకుండా చీటీ రాసి పంపే వైద్యం ఉన్నంతకాలం గంటసేపు శ్రద్ధగా చేయి పట్టుకునే వాళ్ల దగ్గరికి జనం వస్తారు, రావాలి కూడా. ఆ గంటకు విలువ ఉంది, దానికి మీరు డబ్బు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. విశ్రాంతి ఇస్తాం, ఒంటరితనం కాసేపు పోగొడతాం, మీ మాట వింటాం అని బోర్డు పెట్టండి, నేనే నలుగురికి చెబుతాను. ఉసుయి చెప్పిన ఐదు నియమాలున్నాయి కదా: ఈ ఒక్క రోజుకు కోపపడకు, దిగులుపడకు, కృతజ్ఞతతో ఉండు, నీ పని శ్రద్ధగా చెయ్యి, అందరితో దయగా ఉండు. వీటిలో శక్తీ లేదు, చక్రమూ లేదు, పాటించడానికి ఎవరి దీక్షా అక్కర్లేదు, నన్నడిగితే మీ దగ్గరున్న అసలు సరుకు ఇదే.

మిమ్మల్ని కోరేది పెద్దదేం కాదు. మొదటిసారి వచ్చినవాళ్లను బల్ల మీద పడుకోబెట్టే ముందు, ఏ బాధతో వచ్చారు, డాక్టర్‌కి చూపించారా, ఏ మందులు వాడుతున్నారు అని అడగండి. చూపించలేదంటే ముందు అక్కడికి పంపండి, సెషన్ తర్వాతైనా పెట్టుకోవచ్చు. ఇది జబ్బు తగ్గిస్తుందని ఆధారం లేదు, హాయినివ్వొచ్చు అని నోటితో చెప్పండి, కాగితం చివర చిన్న అక్షరాల్లో కాదు. చేతులు ఆడించి ఎవరికీ ఏ జబ్బూ ఉందనీ లేదనీ చెప్పకండి. కొత్త లక్షణం ఏది కనిపించినా క్రైసిస్ అనే పేరు పెట్టకుండా డాక్టర్ దగ్గరికి పొమ్మనండి. మీ దగ్గర నేర్చుకుని రేపు మాస్టర్లయ్యే వాళ్లకు కూడా ఇదే మొదటి రోజు పాఠంగా చెప్పండి, సింబల్స్ రెండో రోజుకు ఆగుతాయి.

వీటిలో ఏ ఒక్కటి తప్పని మీకు అనిపించినా రాయండి, ఏ అధ్యయనమో, ఏ సంవత్సరమో పేరుతో సహా. చదువుతాను.

ఇట్లు,
మీ బల్ల మీద పడుకున్నవాళ్లలో ఒకరు